ఇనుము లేకపోయినా తుప్పు పట్టాల్సిందే

రోబోలకు బాల్యం లేదు. త్రీడీ కళాకారుల చేతిలో ఏ రోబో పుట్టినా పుడుతూనే ముసలిది. ఒళ్లంతా తుప్పు, ప్రతి అంచునా ఊడిన రంగు. ఇదేదో వంశపారంపర్య రోగమనుకుని జాలిపడే పాఠకులకు మనవి: దాని పేరు స్మార్ట్ మెటీరియల్, అంటే సాఫ్ట్‌వేర్‌లో దొరికే రెడీమేడ్ పైపూత.

మోడల్ పూర్తయ్యాక కర్వేచర్ మ్యాప్ బేక్ చేస్తాం, అంటే ఎక్కడ ఉబ్బెత్తో ఎక్కడ సందో కంప్యూటర్‌తో లెక్కగట్టించి ఒక బొమ్మగా దాచుకుంటాం. ఉబికిన అంచులన్నీ అందులో తెల్లగా కనిపిస్తాయి. స్మార్ట్ మెటీరియల్‌ని తెచ్చి మోడల్ మీద పడేస్తే తెలుపున్న చోటల్లా రంగు ఊడుతుంది, సందుల్లో మురికి చేరుతుంది. దానికి తెలిసింది ఆకారం ఒక్కటే. ఆ అంచుకి అసలేమైనా తగిలిందా అన్నది దాని శాఖ కాదు, మన శాఖ. ఆ శాఖను మనం ఎప్పుడో మూసేశాం.

అందుకే కథలో ఇలా జరుగుతుంది. ఆ రోజే తయారైన 12 రోబోలను ముఖ్య అతిథి ముందు వరుసగా నిలబెట్టి తెర తీశారు. అన్నింటికీ తుప్పే. అతిథి మర్యాదస్తుడు. "సెకండ్ హ్యాండా అండీ?" అని మెల్లగా అడిగాడు. "అబ్బే, రాత్రే రంగు వేశామండీ" అన్నాడు మేనేజరు. దగ్గరికెళ్లి చూస్తే 12 రోబోలకూ ఎడమ మోకాలి మీద ఒకే గీత, అదే పొడవు, అదే వంకర. అన్నీ ఒకే స్తంభాన్ని ఒకే క్షణంలో గుద్దుకున్నాయన్నమాట. కుడి మోకాలి మీదా అదే గీత, అద్దంలో చూసినట్టు. యూవీలు, అంటే రంగుల బొమ్మ అతికించడానికి ఒలిచి పరిచిన మోడల్ తొక్కలు, కుడివీ ఎడమవీ ఒకదాని మీద ఒకటి పరిచి సగం టెక్స్చర్‌తో (ఆ రంగుల బొమ్మతో) సరిపెట్టాం కదా, ఇక దెబ్బలు జంటగానే తగలాలి. ఒక భుజం మీద నంబరు 27, రెండో భుజం మీద తిరగబడ్డ 27. నడినెత్తి అంచున కూడా రంగు ఊడింది. అంత ఎత్తు యంత్రం నెత్తి దేనికి రాసుకుందో తెలియక మేనేజరు పైకప్పు వంక చూశాడు. చెయ్యి ఊపితే నిజంగా రాసుకునే చంక మాత్రం కొత్త పెళ్లికొడుకులా మెరిసిపోతోంది.

అన్నట్టు, అవి అల్యూమినియం రోబోలు. అల్యూమినియం మీద పల్చటి ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఎర్రతుప్పు ఇనుముకీ ఉక్కుకీ పట్టేది. 2012లో అంగారకుడి మీద దిగిన క్యూరియాసిటీ రోవర్‌కి ఆరు అల్యూమినియం చక్రాలు. మరుసటి ఏడాదికే పదునైన రాళ్లు వాటికి చిల్లులు పొడిచాయి. అక్కడి దుమ్ము ఎర్రగా ఉండేదే ఇనుప ఆక్సైడ్ల వల్ల. గ్రహానికి పట్టిన తుప్పు ఆ చక్రాలకు పట్టలేదు! మావాళ్లకు ఇచ్చి ఉంటే బయల్దేరకముందే పట్టించేవారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. నాకు కడుపు మండేది ఇక్కడ. ఒక రోబోకి కూర్చుని చేత్తో మాస్కులు (ఏ పూత ఎక్కడ కనబడాలో చెప్పే పొరలు) వేశాను. రంగు గీరుకున్న చోట ముందు ప్రైమర్, బాగా లోతుగా దిగితేనే లోహం. మనుషులు పట్టుకునే పిడి దగ్గర రఫ్‌నెస్ తగ్గించి నున్నగా చేశాను. మోకాలి సీలు నుంచి కారిన నూనె, దానికి అంటుకున్న దుమ్ము, బోల్టుల చుట్టూ పానా జారిన గీతలు. డైరెక్టరుగారు చూసి "బాగుంది గానీ తుప్పు చాల్లేదు, స్టోరీ కనబడట్లేదు" అన్నారు.

ఇంకేం స్టోరీ కావాలండీ? ఎవడో ఆ యంత్రం కింద దూరి బోల్టు విప్పాడు, పానా జారింది, వేలు చితికింది, బూతులు తిట్టుకుని మళ్లీ బిగించాడు. అది స్టోరీ కాదా? ఎప్పుడైనా ఒక్క యంత్రం దగ్గర నిలబడి చూశారా మీరు? ఎక్స్‌కవేటర్ బకెట్ పళ్లు మట్టిలో రాసుకుని తళతళలాడుతుంటాయి, అదే బండి క్యాబిన్ కప్పు మీద రంగు రంగులాగే ఉంటుంది. చూడ్డానికి బద్ధకం, చూసి చేసినవాడికి పాఠాలు చెప్పడానికి మాత్రం ఓపిక!

సరే, మాస్కులన్నీ పీకేసి, స్మార్ట్ మెటీరియల్ పడేసి, తుప్పు స్లైడర్ చివరిదాకా లాగి పంపాను. వెంటనే ఓకే అయింది. కళ్లలో నీలం లైటు కూడా పెట్టమన్నారు.