'ముందు–తర్వాత' ఫొటోగారికి విన్నపం

మహారాజశ్రీ లేబియాప్లాస్టీ (యోని లోపలి పెదవులను కోసి చిన్నవి చేసే ఆపరేషన్) ప్రకటనల్లో వెలసిన 'ముందు–తర్వాత' ఫొటోగారికి,

ఉభయకుశలోపరి. మీరు క్షేమంగానే ఉన్నారని మా ఫోన్లలో తరచూ చూస్తున్నాం. మా క్షేమం మీదే మీకు అనుమానాలున్నట్టు తోస్తోంది.

'అక్కడ', 'ఆ చోట' అని తప్ప పేరు పెట్టి పిలవడానికి మా ఇళ్ళలో ఎవరూ సాహసించని భాగం గురించి, పెదవి దాటితే పృథివి దాటుతుందన్న భయంతో అమ్మలూ అమ్మమ్మలూ నోరు మెదపకపోవడం వల్ల, యోని లోపలి పెదవులు ఎలా ఉండాలో మాకు బోధించే పంతులు ఉద్యోగం మీకు అప్పనంగా దొరికింది. మీ పాఠం ఒక్కటే: 'ముందు' ఎవరిదైనా తప్పు, 'తర్వాత' ఎవరిదైనా ఒకే అచ్చు. చిన్నగా, రెండు వైపులా సమానంగా, పైగా గులాబీ రంగులో!

2005లో లండన్ వైద్యులు 50 మంది స్త్రీలను కొలిచినప్పుడు లోపలి పెదవుల పొడవు 20 నుంచి 100 మిల్లీమీటర్ల దాకా, వెడల్పు 7 నుంచి 50 దాకా ఉంది. 2018లో స్విట్జర్లాండ్ పరిశోధకులు 15 నుంచి 84 ఏళ్ళ వయసున్న 657 మందిని కొలిచి, ఇదీ సహజమైన కొలత అని గీత గీయడానికి వీల్లేనంత తేడాలున్నాయని తేల్చారు. పాపం, మీ 'తర్వాత'ను ఒక్కసారి చూసి ఉంటే వాళ్ళకంత శ్రమ తప్పేది. ఒక వైపు పెద్దగా, మరో వైపు చిన్నగా ఉండడం మామూలే. యుక్తవయసులో హార్మోన్ల ప్రభావంతో అవి పెరగడమూ, రంగు ముదరడమూ అంతే మామూలు. ముఖానికి తెల్లక్రీములు అమ్మి అలసిన వ్యాపారానికి ఇంకా చూడని చోటు ఏదో మిగిలిందని మాత్రం మాకు అర్థమైంది.

నాకు మీ రెండు బొమ్మలకన్నా వాటి నడుమనున్న సన్నని తెల్లగీత మీదే ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే జరిగేదంతా అందులోనే జరుగుతుంది. అంచును కత్తిరించే పద్ధతి ఒకటి. మధ్యలో ముక్కోణంగా కోసి, అంచును అలాగే ఉంచి కుట్టే పద్ధతి మరొకటి. ఆపరేషన్‌కు ఒకటి రెండు గంటలు చాలవచ్చు గానీ, వాపు వారాల తరబడి ఉంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలు సంభోగమూ సైకిలూ మానుకోవాలి. అసలు ఆకారం తేలడానికి నెలలు పట్టవచ్చు. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, కుట్లు విడిపోవడం, మచ్చ కట్టడం, స్పర్శ తగ్గడం, కలయికలో నొప్పి కూడా ఆ గీతలోనే నివాసముంటాయి. నరాలు దట్టంగా ఉన్న ఆ కణజాలాన్ని అవసరానికి మించి కోసేస్తే మళ్ళీ అతికించే విద్య ఎవరి దగ్గరా లేదు. పద్దెనిమిదేళ్ళు నిండని వారికి, ఎదుగుదల పూర్తికాలేదు గనుక, ఈ శస్త్రచికిత్స చేయవద్దని బ్రిటన్ ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ 2013లోనే చెప్పింది. మీ బొమ్మ కింద మాత్రం వయసు కనిపించదు.

మీ మీద పెదవి విరిచి ఊరుకుంటే అన్యాయమవుతుంది. బిగుతు దుస్తుల్లో, సైకిలు మీద, కలయికలో ఒరిపిడితో నిజంగా బాధపడేవారున్నారు. ఆపరేషన్‌తో ఉపశమనం పొంది తృప్తిగా ఉన్నవారూ చాలామందే. అయితే మంటకూ దురదకూ కారణం ఫంగసో, చర్మవ్యాధో కావచ్చు; అలాంటప్పుడు కావలసింది కత్తి కాదు, మందు. అందుకని ముందు గైనకాలజిస్టును కలవడం, తర్వాత సర్జన్‌కు ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. వంటి పట్టా ఉందో లేదో చూడడం, ఎంత కోస్తారో, ఎంత ఉంచుతారో, తేడా వస్తే రెండో ఆపరేషన్ ఖర్చు ఎవరిదో ముందే అడగడం మంచిది. మీరు దీన్ని 'అవసరం' అంటారు గానీ, అందం కోసమేనని తేలితే ఆరోగ్య బీమా సాధారణంగా పైసా రాల్చదు. ఈ విషయంలో బీమా కంపెనీకున్న వివేకం చూస్తే ముచ్చటేస్తుంది.

చివరగా చిన్న కోరిక. మీ 'తర్వాత' ఆపరేషన్ జరిగిన ఎన్నో రోజున తీసిందో తేదీ వేయించండి. వీలైతే ఆ తెల్లగీతను కాస్త వెడల్పు చేయించండి. అందులో రాయవలసింది చాలా ఉంది.

ఇట్లు,
మీ లెక్కలో ఇప్పటికీ 'ముందు'గానే ఉన్న
ఒక పాఠకురాలు