అలిగిన బతుకమ్మ

శుక్రవారం వస్తుందంటే నాకు గురువారం పొద్దుగూకంగనే గుబులు మొదలైతది. మా అల్లుడు, అంటే మా అక్క కొడుకు, ర్యాప్ పాడుతడు. వాడు పాడుడే కాదు, లోకంల ఎవడు పాడినా విని నాకు పంపుతడు. "మామా, కొత్త సింగిల్ పడ్డది. విని ఒపీనియన్ చెప్పు." సింగిల్ అంటే చాయ్ తప్ప వేరేది తెల్వనోన్ని నేను. ఇప్పుడు అట్లాంటాల ఎవడో, ముంబై ధారావిల ఎవడో, హైదరాబాద్ పాతబస్తీల ఎవడో పాడిన పాటకు హన్మకొండ నయీంనగర్‌ల కూసోని మార్కులేస్తున్న.

ఈ శుక్రవారం ముచ్చట కూడా వాడే చెప్పిండు. 2015 జులై 10 నుంచి ప్రపంచమంత కొత్త పాటలు శుక్రవారం నాడే విడుదల చేయాలని కంపెనీలన్నీ ఒక మాట మీదికొచ్చినయట. అంతకుముందు బ్రిటన్‌ల సోమవారం, అమెరికాల మంగళవారం ఉండేదట. మంగళవారం మంచి పని మొదలువెట్టొద్దని వాళ్లకు ఎవరు చెప్పిన్రో గని, మార్చుకున్నరు.

ఒపీనియన్ చెప్పుడంటే మనం అనుకున్నంత అలకటి పని కాదు. దానికి మూడే మాటలున్నయి: ఫైర్, మిడ్, స్కిప్. మిడ్ అంటే మధ్యరకం గదా, మర్యాదగ ఉంటదని నాలుగు పాటలకు వరుసగ మిడ్ అని రాసిన. ఐదో పాటకు తెలిసింది, అది తిట్టని. అప్పటినుంచి అన్నిటికీ ఫైర్ అనుడే. 30 సెకన్లు వింటెనే స్పాటిఫైల ఆ పాట లెక్కల పడుతదట. అందుకని వాడి దోస్తుల పాటలు సరిగ్గ 31 సెకన్లు విని బంద్ చేస్తుంటి. పెండ్లిల మేనమామ చదివింపు లెక్క.

అట్లని నాకు ఒపీనియన్లు లేవని కాదు. పాతికేండ్లుగ ఇంటర్ కాలేజిల తెలుగు చెప్తున్న. ఎర్ర పెన్ను జేబుల లేకపోతే అంగీ తొడుక్కున్నట్టే ఉండదు. మన పద్యంల ప్రాస అంటే పాదంల రెండో అక్షరం. వీళ్లది అంత తోక దగ్గరనే. ఒకసారి వాన్ని కూసోబెట్టి చెప్పిన: "అల్లుడా, పాల్కురికి సోమన మన పక్క పాలకుర్తి మనిషేరా. ద్విపద చూడు. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదలుకు యతి. రెండు పాదాలకు ప్రాస. ఏండ్లకేండ్ల కిందనే ఇంత పకడ్బందీగ రాసి పెట్టిండు."

వాడు శ్రద్ధగ విని దాని వేగం అడిగిండు: "బీపీఎం ఎంత మామా?"

నాకు బీపీ ఒక్కటే ఎరుక.

ఇంకోసారి "ఎయిట్ ఓ ఎయిట్ ఎట్లున్నది మామా?" అన్నడు. కాజీపేటల ఆగే రైలు నంబరేమో అనుకున్న. కాదట. జపాన్ రోలాండ్ కంపెనీ 1980ల చేసిన డ్రమ్ముల మిషన్‌ట అది. పాట కింద కిటికీ అద్దాలు వణికే దుమ్ దుమ్ సప్పుడు దాని పుణ్యమే. ఇదంత పాటనేనా అని నేనంటె వాని దగ్గర ఎప్పుడూ ఒక అస్త్రం ఉంటది. 2018ల ఒక ర్యాపర్‌కు, కెండ్రిక్ లమార్‌కు, అమెరికాల పెద్ద బహుమతి పులిట్జర్ ఇచ్చిన్రు. ఆ మాట అనంగనే నేను చప్పుడు చేయకుంట ఎర్ర పెన్ను మూత పెట్టుకుంట.

ఇంతవరకు లోకం పాటలు. అసలు కష్టం వాని సొంత పాటతోని వచ్చింది. వాని స్టేజీ పేరు ఇక్కడ రాయను. రాస్తె మా అక్క ఇంకో ఆరు దినాలు అలుగుతది.

ఆ గురువారం అట్ల బతుకమ్మ. పొద్దుగాల్నే వాడు ఫైల్ పంపిండు. "రాత్రి పన్నెండు గొట్టంగనే రిలీజ్. మొదటి ఒపీనియన్ నీదే. ఫైర్ అని రాసుడు వద్దు మామా, వాయిస్ పెట్టు. నిజం చెప్పు."

నిజం చెప్పు అన్న మాటను ఈ వయసుల కూడా నమ్మిన.

కాలేజిల ఖాళీ పీరియడ్ చూసుకుని చెవులల్ల వైరు పెట్టుకుని మొత్తం విన్న. మూడు నిమిషాలు. 31 సెకన్లు కాదు. పాట అంత ఆకలి మీదనే. "ఖాళీ కడుపు, కాలే కడుపు, ఓరుగల్లు గల్లీ నన్ను పెంచిన తల్లి" అని ఉరుకుతడు. ఎవరూ అన్నం పెట్టలేదట, చెప్పులు లేని కాళ్లతోని చౌరస్తల తిరిగిండట. చౌరస్తల తిరిగింది మాత్రం నిజం, బండి మీద. వానికి మూడు జతల బూట్లున్నయి, అందుల ఒక జత నేనే కొనిచ్చిన. పదకొండు గంటలకు లేస్తె, వాడు పండ్లు తోమేలోపట మా అక్క పెరుగన్నం కలిపి నిలబడుతది.

ఇప్పుడు మా గల్లీ బాక్సు గురించి చెప్పాలె. వినాయకుని నవరాత్రులకని గల్లీ పోరగాండ్లు చందాలేసి కొన్నరు. పెద్దది, రెండు మైకులు, బ్లూటూత్, చుట్టూ రంగుల లైట్లు. అదే బాక్సును బతుకమ్మకు మా గేటు పక్కన పెట్టిన్రు. మొదటి దినం, ఎంగిలిపూల బతుకమ్మ నాడు, ఎవరి ఫోనూ కలుస్తలేదంటె నా ఫోన్ కలిపి ఒక పాట పెట్టిచ్చిన. అక్కడితోని నా పని అయిపోయిందనుకున్న. మనుషులు మర్చిపోతరు గని బ్లూటూత్ మర్చిపోదు.

ఆ బాక్సుకు మైకు పట్టేది మా అక్క. గల్లీల పాట చెప్పేది ముప్పై ఏండ్ల సంది ఆమెనే. ఆమె ఒక చరణం చెప్తె అరవై మంది ఆడోళ్లు వంగి చప్పట్లు కొట్టి ఉయ్యాలో అని అందుకుంటరు. గొంతు జర పైపైకి పోతది, ఒక్కోసారి మళ్ల కిందికి రాదు. ఆ సంగతి గల్లీకంత ఎరుకే గని ముప్పై ఏండ్లల్ల ఎవ్వరూ నోరు తెరవలేదు.

సాయంత్రం ఆరున్నర. కింద తంగేడు, గునుగు, బంతి పూల బతుకమ్మలు వరుసగ పెట్టిన్రు. అక్క పంపిన అట్ల గిన్నె, ఫోన్ పట్టుకుని నేను మేడ మీది అర్రలకు పోయి తలుపేసుకున్న. ఒపీనియన్ చెప్పెముందు ఆ ఆకలి చరణం ఇంకోసారి విందామని పాట పెట్టిన.

సప్పుడు రాలేదు.

వాల్యూమ్ పెంచిన. రాలేదు. అట్టు పట్టిన చేతితోని ఫోన్ ముట్టుకుంటి గదా, స్పీకర్ బొక్కలల్ల నూనె పోయిందేమో అని లుంగీకి తుడిచిన. మళ్ల పెంచిన. నిండా పెంచిన. అదే టైంల బయట ఎక్కడనో దుమ్ దుమ్ అని మొదలైంది, అర్ర కిటికీ అద్దం టకటక కొట్టుకుంటున్నది. "ఏ బేవకూఫ్‌రా, ఆడోళ్లు బతుకమ్మ ఆడుతుంటె డీజే పెట్టిండు" అని తిట్టుకుని కిటికీ రెక్క కూడా మూసిన.

కింద ఏం జరిగిందో తర్వాత మా ఆవిడ చెప్పింది. పాట నడుమ బాక్సుల నుంచి "ఖాళీ కడుపు, కాలే కడుపు" అని మోగంగనే ఆట ఆగిపోయిందట. ఇద్దరు ముసలమ్మలు మాత్రం చెవులు సరిగ్గ వినపడక ఆ దుమ్ దుమ్ మీదనే వంగి చప్పట్లు కొడుతున్నరట. గొంతు గుర్తుపట్టినోళ్లు మా అక్క దిక్కు తిరిగి, "ఏందక్కా, పోరనికి అన్నం పెడ్తలేవా?" అన్నరట. ఆమె చేతుల నైవేద్యం అట్ల తాంబాలం.

నేను పాట బంద్ చేసి, ఎట్లాగూ కాలేజిల విన్నదే గదా అని వాయిస్ రికార్డు చేసిన. పాఠం చెప్పినట్టు నిదానంగ, స్పష్టంగ చెప్పిన. పంపేముందు ఒకసారి వినుడు నాకు అలవాటు. పరీక్ష పేపర్ ఇచ్చేముందు ఒకసారి చదువుకోమని పిల్లలకు చెప్పే మనిషిని. వింటె మళ్ల సప్పుడు రాలేదు. మళ్ల మొదటికాంచి పెట్టిన.

కిటికీ రెక్క సందులకెల్లి ఎవడో ఉపన్యాసం చెప్తున్నట్టు వినవడ్డది. ఏ నాయకుడో వచ్చిండేమో అనుకున్న. గొంతు ఎక్కడనో విన్నట్టే ఉన్నది. ఎవడో గని మాట మాత్రం మంచిగ చెప్తున్నడు అని కూడా అనుకున్న. అబద్ధమెందుకు, ఆ ఒక్క క్షణం మెచ్చుకున్న.

గల్లీల మోగింది ఇది:

"అల్లుడా, నిజం చెప్పమన్నవు కాబట్టి చెప్తున్న. ఆకలి ముచ్చట నీ నోట్ల ఒదుగుతలేదు. పొద్దుగాల పెరుగన్నం, మాపటికి అట్లు తినేటోనికి ఆకలి ఏందిరా? తోక ప్రాస మంచిగనే కుదిరింది, అర్థం కుదరలేదు. ఇగ గొంతు. గొంతుకు శ్రుతి సరిజేసే ఆ ఆటోట్యూన్ దండిగ వేసినవు, తప్పు పట్ట. నీకు మీ అమ్మ గొంతే వచ్చింది. ఆమెకు శ్రుతి చిన్నప్పటి సంది లేదు. భద్రకాళి చెరువు కట్ట మీద ఆమె పాడితె కొంగలు లేచేవి. అది మన రక్తంల ఉన్నది, మిషన్ పెట్టుకో, సిగ్గుపడకు."

రెండోసారి "కొంగలు లేచేవి" దగ్గరికి వచ్చేసరికి నాకు చెమటలు పట్టినయి. కిటికీ తెరిచి చూసిన. అరవై ముఖాలు మేడ దిక్కు. నడుమ మా అక్క, చేతుల మైకు. బాక్సు మీద నీలం లైటు మిణుకు మిణుకు మంటున్నది.

బ్లూటూత్ బంద్ చేయాలంటె ఫోన్ల ఎక్కడ నొక్కాల్నో ఆ నిమిషంల నాకు గుర్తురాలేదు. ఫోన్‌ను దిండు కింద పెట్టిన. బాక్సుల నుంచి నా గొంతు "సిగ్గుపడకు" అని ముగించింది.

మర్నాడు ఆరో రోజు. మా దిక్కు ఆరో రోజును అలిగిన బతుకమ్మ అంటరు. ఎన్నడో మాంసం ముద్ద తగిలి బతుకమ్మ అలిగిందని, ఆనాడు బతుకమ్మ పేర్చరు. ఈసారి మా ఇండ్లల్ల అలిగింది బతుకమ్మ ఒక్కతే కాదు. అక్క ఇంటి తలుపు తీయలేదు. బావ మాత్రం గోడ మీదికెల్లి నా దిక్కు చూసి, ముప్పై ఏండ్ల బరువు దిగినట్టు ఒక్కసారి నవ్వి, ఎవరన్న చూస్తరేమో అని లోపలికి పోయిండు.

అల్లుడు అలగలేదు. వచ్చి నా పక్కన కూసున్నడు. వాని దిగులు వేరే. "ఆటోట్యూన్ అంత తెలుస్తుందా మామా?" తెలుస్తదన్న. నన్ను ఓదారుద్దామనో ఏమో, దాని పుట్టుక చెప్పిండు. 1997ల వచ్చిందట. చేసినాయన అంతకుముందు భూమి లోపలికి సప్పుడు పంపి నూనె ఎక్కడున్నదో లెక్కగట్టే పని చేసేటోడట. ఆ లెక్కలతోనే గొంతుల శ్రుతి పట్టిండట. మన ఇంట్ల ఎంత తవ్వినా దొరకదు గదా అని ఇద్దరం కాసేపు చప్పుడు చేయలేదు.

తర్వాత వాడే అన్నడు: "అసలు హిప్ హాప్ పుట్టిందే ఇట్ల మామా. 1973 ఆగస్టు 11. న్యూయార్క్ బ్రాంక్స్‌ల, సెడ్జ్‌విక్ అవెన్యూ 1520 నంబరు బిల్డింగుల, చెల్లె సిండీ బడి బట్టలకు పైసలు జమ చేద్దామని పార్టీ పెడితె, అన్న కూల్ హెర్క్ వచ్చి పాటలు పెట్టిండు. ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు టికెట్టు."

అక్కడ అన్న బాక్సు పెడితె చెల్లెకు పైసలొచ్చినయి. ఇక్కడ తమ్ముడు బాక్సు కలిపితె అక్క పరువు పోయింది. అదే అంటె వాడు, "వాళ్లకు బ్లూటూత్ లేకుండె మామా" అన్నడు.

పక్కింటి ముసలమ్మ వచ్చి ఇంకో ఒపీనియన్ ఇచ్చి పోయింది. నిన్న చప్పట్లు ఆపని ఇద్దరిల ఆమె ఒకతి. "పాట మంచిగనే ఉన్నది బిడ్డా. గని నువ్వే చెప్తవు, నువ్వే ఉరుకుతవు. మేమెక్కడ అందుకోవాలె? ఉయ్యాలో అనేతందుకు జాగ ఇయ్యలే. ఊపిరన్న తీసుకో, ఆయాసం వస్తది." వాడు ఆమె దిక్కు చూసి ఫోన్ల ఏదో రాసుకున్నడు. ఇన్ని శుక్రవారాలల్ల నేను చెప్పింది ఒక్కటీ రాసుకోలేదు.

ఏడో రోజు వేపకాయల బతుకమ్మ. అక్క బయటికొచ్చింది. కొత్త చీర, ముఖం గట్టిగ. బాక్సు దగ్గరికి పోయి మైకు తీసుకుని, నన్ను చూడనే చూడకుంట ఎత్తుకున్నది:

తమ్ముడని నమ్మితే ఉయ్యాలో
కమ్మని గొంతును ఉయ్యాలో
దుమ్ముల కలిపిండు ఉయ్యాలో
ఇమ్మన్నా అట్లియ్య ఉయ్యాలో

అరవై మంది అందుకున్నరు. నాలుగో చరణం దగ్గర ఎవరో ఈల కూడా వేసిన్రు. మా ఆవిడ చప్పట్లు అందరికంటె గట్టిగ వినవడ్డయి. గొంతు ఎప్పటిలెక్కనే పైకి పోయి అక్కడనే ఉండిపోయింది, కాని నా చెయ్యి తెలియకుంటనే జేబుల పెన్ను మీదికి పోయింది. తమ్ము, కమ్మ, దుమ్ము, ఇమ్మ. నాలుగు పాదాలకు రెండో అక్షరం ప్రాస. ఎర్ర గీత పెట్టేతందుకు ఎక్కడా సందు లేదు.

పిట్టగోడ మీద కూసున్న అల్లుడు నోరు తెరిచి వింటున్నడు. "డిస్ ట్రాక్ మామా ఇది! తిట్టుపాట, నీ మీద! ఎట్లున్నది?"

బాక్సు దిక్కు చూసిన. ముందుగాల జేబులకెల్లి ఫోన్ తీసి బ్లూటూత్ బంద్ చేసిన. నీలం లైటు ఆరిందాక ఆగిన. అప్పుడు వాని చెవుల చెప్పిన, "ఫైర్."