బావగారి కారుకు వేడి రోగం

మా బావగారి దగ్గర కార్బ్యురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించే పాతకాలపు పరికరం) కాలపు కారు ఒకటి ఉంది. నెల్లూరులో బయలుదేరేటప్పుడు దానిలో ఏ లోపమూ కనిపించేది కాదు. పెన్న వంతెన, కోవూరు దాటి, 16వ నంబరు జాతీయ రహదారి మీద ఊపందుకొని, ఇక కావలి వచ్చేసినట్టే అనుకొనే వేళకు మాత్రం, యాక్సిలరేటరును ఎంత అదిమినా వేగం అందుకోక, ముందుకూ వెనుకకూ ఊగి, చివరకు సరుకు ఆటోలు సైతం హారన్ కొట్టి దాటిపోయే స్థితికి దిగేది. పక్కన ఆపి, ఇంజను చల్లారేదాకా వేచి ఉంటే మళ్లీ హాయిగా నడిచేది. "వేడెక్కితే దీనికి బలం పోతోంది" అని బావగారు తీర్మానించారు. రోహిణి కార్తెలో నెల్లూరు జిల్లాలో ఆ మాట ఎవరికైనా వర్తిస్తుంది గనుక మేమెవరమూ కాదనలేదు.

ఆ తీర్మానాన్నే ఆయన మెకానిక్కులకు కూడా చెప్పేవారు. వేడి అన్న మాట చెవిన పడగానే ఎవరికి అలవాటైన భాగాన్ని వారు పట్టుకొనేవారు. ఒకాయన, పెట్రోలును అంటించే నిప్పురవ్వకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిల్ మార్చాడు. కాయిల్ లోపలి తీగచుట్ల పూత పాతబడితే, చల్లగా ఉన్నంతసేపూ బాగానే పనిచేసి, కాగిన తరువాత నిప్పురవ్వ బలహీనపడుతుందన్నది నిజమే. మరొకాయన పెట్రోలు పంపును అనుమానించాడు. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల వేడికే ఆవిరి కావడం మొదలుపెడతాయనీ, ఇంజనును అంటిపెట్టుకొని ఉండే పంపు ఆ ఆవిరిని నెట్టలేదనీ వివరించి, పంపు మీద తడిగుడ్డ వేసి పంపించాడు. ఆనాటి నుంచి మా అక్కయ్య వంటింటి గుడ్డలు ఒక్కొక్కటే మాయం కాసాగాయి. ఇంకొకాయన చోక్, అంటే చల్లటి ఇంజను అంటుకొనేందుకు గాలిని తగ్గించే రేకు, పూర్తిగా తెరుచుకోవడం లేదన్నాడు. అదే నిజమైతే వేడెక్కిన ఇంజనుకు పెట్రోలు ఎక్కువై పొగగొట్టం నుంచి నల్లపొగ రావాలి. పొగ జాడే లేదని నేనంటే, "మీరు వెనక కూర్చుంటారు సామీ, మీకెట్లా కనపడద్ది?" అన్నాడు. పొగ కనిపించేది వెనుకనుంచే కదా అని నేను వాదించలేదు. అప్పటికే స్క్రూడ్రైవరు ఆయన చేతిలో ఉంది. అక్కయ్య మాత్రం ఇది దిష్టి అని తేల్చి, పొదలకూరు నిమ్మకాయలు కట్టింది. ఖర్చు తక్కువైన వైద్యం అదొక్కటే.

విచిత్రమేమిటంటే, అందరి వైద్యమూ ఫలించింది. మరమ్మతు ముగియగానే ప్రతి మెకానిక్కూ, "ముందు పెట్రోలు పోయించండి సామీ, నడిమధ్యలో ఆగితే నా పని మీదికొస్తది" అనేవాడు. బంకులో పోయించి, కోవూరు దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి కారు, ఆసుపత్రి మెట్లెక్కగానే నొప్పి తగ్గిన రోగిలా, బ్రహ్మాండంగా నడిచేది. బావగారు సంతోషంగా డబ్బు చెల్లించేవారు. ఒంగోలు ప్రయాణానికి ముందుచూపుతో ట్యాంకు నిండా పోయించిన నాడే అది మరీ త్వరగా మొరాయించడం ఎవరూ పట్టించుకోలేదు.

గుట్టు విప్పినవాడు ఉలవపాడు దగ్గర టీ అంగడి పెద్దాయన. ఒకప్పుడు టాక్సీ తోలినవాడట. మేము బానెట్ ఎత్తి పంపు మీద నీళ్లు చల్లుతుంటే, ఆయన ఆ వైపే రాకుండా నేరుగా వెనుకకు వెళ్లి ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి దూసుకుపోయింది. "ఈ మూతకి బెజ్జం ఏది సామీ?" అన్నాడు.

బెజ్జం లేదు. అసలు మూత ఎక్కడో పోతే, బావగారు బజారులో దొరికిన మూతను బిగించారు. అది నీటి చుక్క కూడా చొరనంత గట్టిగా పట్టింది. పెట్రోలు ఖర్చయిన మేరకు గాలి లోపలికి వెళ్లే దారి లేక ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, పంపు ఎంత లాగినా పెట్రోలు అందేది కాదు. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ గనుక, కొద్దిపాటి పెట్రోలు తరిగినా ఒత్తిడి బాగా పడిపోతుంది. ఆపి ఉంచితే రబ్బరు అంచు పక్కనుంచి గాలి మెల్లగా దూరేది; ఈలోగా ఇంజనూ చల్లారేది కాబట్టి నేరమంతా వేడి మీదకు పోయింది. బంకులో మూత తీసిన ప్రతిసారీ కారు కోలుకొనేది. పేరు మాత్రం కాయిల్‌కో, చోక్‌కో దక్కేది.

బెజ్జం ఉన్న మూత వేసిన తరువాత కారు ఆగకుండా ఒంగోలు చేరింది. ఈ సంగతి కాయిల్ మార్చిన మెకానిక్కుకు చెబితే, "మూత సరే సామీ, కాయిల్ కొత్తది కాబట్టి మూత పనిచేసింది" అన్నాడు. కాయిల్‌కు డబ్బు ఇచ్చినవారు గనుక, బావగారు వెంటనే ఒప్పుకొన్నారు.