మత్సుమోతో కోట మెట్లగారికి

మహారాజశ్రీ జపాన్ దేశపు మత్సుమోతో కోటలో నాలుగు నుంచి అయిదో అంతస్తుకి పోయే మెట్లగారి సముఖానికి,

నమస్కరించి రాసేది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను గానీ, నా మోకాళ్లు ఉభయమూ కుశలంగా లేవు. హోటల్ గదిలో కాళ్లు గోడకి ఆనించుకుని ఇది రాస్తున్నాను.

బయటి నుంచి చూస్తే మీ కోట అయిదంతస్తులు. లోపలికొస్తే ఆరు! కిటికీల్లేని మూడో అంతస్తుని దాచారు, శత్రువు కంట పడకుండానట. నేను శత్రువుని కాదండీ, టికెట్ కొన్నవాణ్ణి.

చెప్పులు విప్పడం మాకు కొత్తకాదు. గుడి బయట వదిలేసి, ఉంటాయో పోతాయోనన్న టెన్షన్‌తోనే దేవుణ్ణి చూసొస్తాం. ఇక్కడ బూట్లు సంచిలో వేసి మనల్నే మొయ్యమన్నారు. ఒక చేతిలో సంచి, కాళ్లకి జారే సాక్సులు, మిగిలిన ఒక్క చేత్తో తమరి దర్శనం.

61 డిగ్రీల వాలు! మెట్టుకీ మెట్టుకీ మధ్య 40 సెంటీమీటర్ల దాకా ఎత్తు. అడుగేస్తే మోకాలు గడ్డానికి తగిలింది. ముందాయన మడమ నా ముక్కుకి జానెడు దూరం. శత్రువుని ఆపడానికే అని మాత్రం చెప్పకండి. తమరి కింద ప్రభువుగారి గది, పైన యుద్ధ మంతనాల గది. శత్రువు ప్రభువు గదిలోకే వచ్చేశాక ఇంకేం ఆపుతావయ్యా నువ్వు? కట్టి 400 ఏళ్లు దాటింది, ఒక్క యుద్ధం చూసిన పాపాన పోలేదు. నువ్వు పడగొట్టేది నాలాంటివాళ్లనే!

అప్పట్లో జపాన్‌ని ఏలిన సైన్యాధిపతి, షోగున్ ఇయెమిత్సు వస్తాడని వెన్నెల చూడ్డానికి పక్కనే ఓ మండపం కట్టారు. ఆయన రానేలేదు. నీ సంగతి ఎవరో చెప్పుంటారు.

పైన కిటికీలోంచి మంచుకొండలు, చల్లగాలి. బాగుంది, ఒప్పుకుంటాను. అయిదు నిమిషాలకి గుర్తొచ్చింది, దిగాలని. వెనక్కి తిరిగి, నిన్నే కావలించుకుని దిగాను. నాకోసం ఆగిన ఓ బామ్మగారు ఆ తర్వాత టకటకా దిగొచ్చి, నాకే వంగి దణ్ణం పెట్టింది. ఆ మర్యాదకి మోకాళ్లకన్నా ఎక్కువ నొప్పేసింది.

1872లో కోటని వేలం వేస్తే, ఇచికావా ర్యోజో అనే ఊరాయన ఎగ్జిబిషన్లు పెట్టి డబ్బు కూడగట్టి, కూల్చకుండా కాపాడాడు. మహానుభావుడు. ఆ చేత్తోనే నిన్నొక్కదాన్నీ కట్టెలకి అమ్మేసుంటే ఏం పోయేది?

రేపు మళ్లీ వెళదామంటోంది మా ఆవిడ, పొద్దుటి వెలుతురులో ఫొటోలు బాగుంటాయట. తనని పంపించి నేను కందకం ఇవతల కూర్చుంటాను. అక్కణ్ణించి అయిదంతస్తులే కనిపిస్తాయి.

ఇట్లు,
టికెట్ కొన్నవాడు