12 ఎంఎం టఫెన్డ్‌తో ఎనిమిదడుగుల అక్వేరియమా?

"ఎనిమిదడుగుల అక్వేరియం ఇంట్లోనే కట్టుకోవచ్చు. 12 ఎంఎం టఫెన్డ్ గ్లాసు, మామూలు సిలికాన్ ట్యూబులు నాలుగు చాలు. ఎండాకాలంలో అయితే ఒక్కరోజులో ఆరిపోతుంది. స్లాబు గురించి భయమెందుకు, ఫంక్షన్‌కి హాలు నిండా జనం కూర్చుంటే కూలిపోయిందా? లీకైతే పైన ఇంకో పూత వేస్తే చాలు." హైదరాబాద్‌లో చేపలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో చక్కర్లు కొడుతున్న సలహా ఇది.

ఇందులో మొదటి వాక్యం ఒక్కటే నిజం. ఆ మాటకొస్తే ఈ సైజు ట్యాంకును ఇంట్లోనే కట్టాలి. 240 సెంటీమీటర్ల పలక అపార్ట్‌మెంట్ లిఫ్టులో నిలబడదు, అతికించిన ట్యాంకు మెట్ల మలుపు తిరగదు. కాబట్టి పలకలు విడిగా వచ్చి, పెట్టే చోటే అతుక్కోవాలి. లెక్క కోసం 240 x 75 x 75 సెంటీమీటర్ల ట్యాంకు, 70 సెంటీమీటర్ల నీళ్లు అనుకుందాం.

ముందు గ్లాసు సంగతి. ఆ నీళ్లు ముందు పలకను దాదాపు 590 కిలోల బలంతో బయటికి తోస్తాయి. ట్యాంకు వెడల్పు తగ్గించినా ఈ బలం తగ్గదు. అది నీళ్ల లోతు, పలక పొడవుల మీదే ఆధారపడుతుంది. వేడిచేసి ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరిచే టఫెన్డ్ గ్లాసు మామూలు గ్లాసు కంటే నాలుగైదు రెట్లు ఎక్కువ తట్టుకుంటుంది, నిజమే. కానీ వంగడం దగ్గర రెండింటికీ తేడా లేదు. ఒకే మందంలో రెండూ ఒకేలా వంగుతాయి. వంపు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కనుక, 12 ఎంఎం పలక 19 ఎంఎం పలక కంటే నాలుగు రెట్లు ఎక్కువ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు నేరుగా అంచుల్లోని సిలికాన్‌ను లాగుతుంది. గ్లాసు పగలకపోవచ్చు, అతుకు విడిపోతుంది.

టఫెన్డ్‌తో ఇంకో చిక్కుంది. ఒకసారి టఫెన్ చేశాక దాన్ని కోయలేరు, రంధ్రం వేయలేరు. ఎక్కువైన నీళ్లు పోయే ఓవర్‌ఫ్లో పైపు కోసం తర్వాత డ్రిల్ పెడితే పలక మొత్తం గోళీల్లా రాలిపోతుంది. వాడుకలో ఉన్నప్పుడు దెబ్బ తగిలినా అంతే, క్షణంలో 1,100 లీటర్లకు పైగా నీళ్లు హాల్లో ఉంటాయి. మామూలు ఫ్లోట్ గ్లాసు అయితే చాలాసార్లు ముందు ఒక పగులు గీత కనిపిస్తుంది, నీళ్లు తోడే వ్యవధి దొరుకుతుంది.

మరి ఎంత మందం? పై అంచున పట్టీలు లేని ట్యాంకుకు ఫ్లోట్ గ్లాసు 19 ఎంఎం. ట్యాంకులు కట్టేవాళ్లు పెట్టుకునే భద్రతా గుణకం, అంటే గ్లాసు తట్టుకోగలిగేది దాని మీద నిజంగా పడేదానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె, 3.8. నీళ్లు అంచుదాకా ఉన్నాయనుకుని ఈ కొలతలకు లెక్కేస్తే 19 ఎంఎంకి సుమారు 4.4 వస్తుంది, 12 ఎంఎంకి 1.8 దాటదు. పైన చుట్టూ 10 సెంటీమీటర్ల గ్లాసు పట్టీ, మధ్యలో ఒకటి రెండు అడ్డపట్టీలు వేస్తే 15 ఎంఎంతో సరిపెట్టవచ్చు. 19 ఎంఎంలో ముందు పలక ఒక్కటే 85 కిలోలు. సక్షన్ కప్పులు, నలుగురు మనుషులు లేనిదే ఎత్తే ప్రయత్నం చేయొద్దు.

ఇక స్లాబు. నీళ్లు 1,170 కిలోలు, గ్లాసు 300, ఇసుక రాళ్లు 150, ఇనుప స్టాండు 100. కూడితే 1.7 టన్నులు, అదీ 1.8 చదరపు మీటర్ల మీద. అంటే చదరపు మీటరుకు 950 కిలోల పైమాటే. నివాస గదులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 రెండో భాగం చెప్పే లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే సుమారు 200 కిలోలు. ఫంక్షన్ ఉదాహరణ ఇక్కడే తేలిపోతుంది. కుర్చీ వేసుకున్న మనిషికి అర చదరపు మీటరు అనుకుంటే వాళ్ల బరువు చదరపు మీటరుకు 140 కిలోలు దాటదు, పైగా భోజనాలయ్యాక లేచి వెళ్లిపోతారు. ట్యాంకు ఏళ్ల తరబడి కదలదు. అలా ఎప్పుడూ ఉండే బరువు కింద కాంక్రీటు మెల్లగా దిగుతూనే ఉంటుంది.

"15 చదరపు మీటర్ల గది మొత్తానికి మూడు టన్నుల లెక్క ఉంది కదా" అని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ మూడు టన్నులు గదంతా పరిచినప్పటి లెక్క. రెండు కొనల మీద ఆనిన బీమ్‌కు నట్టనడుమ పెట్టిన బరువు, పొడవునా పరిచిన అదే బరువు కంటే రెట్టింపు వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) చూపుతుంది. అందుకే గది మధ్యలో, బాల్కనీలో వద్దు. రెండు పిల్లర్ల మధ్య గోడ కింద బీమ్ పోతున్న చోట, ఆ గోడను ఆనుకుని పెట్టాలి, అదీ స్ట్రక్చరల్ ఇంజినీరు డ్రాయింగ్ చూసి ఒప్పుకున్నాకే. వాస్తు ఈశాన్యం అంటే ముందు ఆ మూలలో బీమ్ ఉందో లేదో చూసుకోండి. కింద స్టిల్ట్ పార్కింగో సెల్లారో ఉన్న ఇంట్లో గ్రౌండ్ ఫ్లోర్ అన్నా స్లాబే అని మరిచిపోవద్దు.

సిలికాన్ దగ్గర మూడు తప్పులున్నాయి. హైదరాబాద్ ట్రూప్ బజార్ దుకాణాల్లో బాత్రూముల కోసం అమ్మే వాటిలో చాలావరకు బూజు పట్టకుండా మందు కలిసి ఉంటుంది, అది చేపలకు విషం. అక్వేరియంకి అని ట్యూబు మీద రాసి ఉన్నదే తీసుకోవాలి.

రెండోది, సిలికాన్ ఆరదు. గాల్లోని తేమతో చర్య జరిగి గట్టిపడుతుంది. పైనుంచి లోపలికి రోజుకు రెండు మూడు ఎంఎం చొప్పున, లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మదిగా. ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్ పొడిగాలికి అది ఇంకా ఆలస్యమవుతుంది. వేలికి అంటుకోవడం లేదంటే పైపొర కట్టిందనే అర్థం. 19 ఎంఎం అతుకు నడుమ ఇంకా మెత్తగానే ఉంటుంది. రెండు మూడు వారాలు ఆగాలి. పలకల్ని గట్టిగా నొక్కి సిలికాన్ అంతా బయటికి పిండేయొద్దు, మధ్యలో 2 ఎంఎం మందం ఉండేలా స్పేసర్లు పెట్టండి.

మూడోది లెక్క. అతుకుల పొడవు 9 మీటర్ల పైనే. అతుకు లోపలికి 350 మిల్లీలీటర్లు, మూలల్లో లోపలి పూతకు 450, బయటికి పిండుకుని వృథా అయ్యేది వేరే. 300 మిల్లీలీటర్ల ట్యూబులు ఆరు దగ్గర ఉండాలి. సగంలో అయిపోతే కొత్తది తెచ్చేలోపు పాతది పొర కడుతుంది, అక్కడే లీకు పుడుతుంది.

లీకైతే పైన ఇంకో పూత వేస్తే చాలన్నది ఆ సలహాలో చివరి మాట. గట్టిపడ్డ సిలికాన్ మీద కొత్తది సరిగా పట్టదు. ఆ అతుకంతా బ్లేడుతో గీకి, స్పిరిట్‌తో తుడిచి మళ్లీ వేయాలి.

స్టాండు మెలి తిరిగి ఉంటే కింద థర్మోకోల్ వేసినా లాభం లేదు. అది అర, ఒక ఎంఎం ఎగుడుదిగుళ్లకే. లెవెల్ సరిచేసేది స్టాండు కింద, ట్యాంకు కింద కాదు. నీళ్లు మూడు విడతలుగా, విడతకో రోజు ఆగి నింపండి. నిండాక ముందు పలక పై అంచున దారం బిగించి మధ్యలో ఉబ్బు కొలిచి రాసుకోండి. వారం తర్వాత కూడా అది పెరుగుతూనే ఉంటే నీళ్లు సగానికి దించేయండి; అప్పుడు పలక మీద బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఆ తర్వాత స్టాండు లెవెల్, కింది అతుకు చూడండి.