కొలంబియా భోజనానికి అరెపాయే సాక్షి

సరుకులకని న్యూయార్క్ జాక్సన్ హైట్స్‌లోని 74వ వీధికి వెళ్లేవాళ్లు మనలో చాలామందే. అక్కడి నుంచి రూజ్‌వెల్ట్ అవెన్యూ వెంట 82వ వీధి వైపు నడిస్తే కొలంబియా బేకరీలు, హోటళ్లు తగులుతాయి. న్యూజెర్సీవాళ్లు ఎడిసన్‌లో రైలెక్కి అదే లైన్లో ఎలిజబెత్‌లో దిగితే చాలు. అయినా ‘లాటిన్’ అని బోర్డున్నచోట మెక్సికో టాకోలు తినేసి, కొలంబియా రుచి తెలిసిందనుకుంటారు మనవాళ్లు. పులిహోరను పంజాబీ వంటంటే ఊరుకుంటామా?

మెనూలో బందేహా పైసా ఉంటే అసలైన హోటలే అనుకోవడం పొరపాటు. అన్నం, బీన్స్, పంది మాంసం, గుడ్డు, అరటిపండు వేపుడు ఒకే పళ్లెంలో పేర్చడం ఎవరికైనా వచ్చు. ఎంపనాదా అడగండి, అంటే కూర నింపిన కజ్జికాయ లాంటిది. మొక్కజొన్న పిండితో చేసి, నూనెలో వేయించి, పక్కన ‘అహీ’ అనే కారపు పచ్చడి ఇస్తే సరైనచోటే ఉన్నారు. గోధుమ పిండితో ఓవెన్లో కాల్చినదైతే అర్జెంటీనా వైపుది. అరెపానూ, అంటే మొక్కజొన్న రొట్టెనూ, అలాగే చూడాలి: మందంగా చేసి, చీల్చి కూరినది వెనిజులా తీరు. కొలంబియా నగరం మెదెయిన్ ప్రాంతపు అరెపా పల్చగా, చప్పగా ఉంటుంది. దానికి వంక పెట్టొద్దు, మనకు అన్నం ఎలాగో వాళ్లకు అదలాగ.

అరెపా ఇంట్లో చేస్తే చెడేది పిండి దగ్గరే. కావలసింది ‘మసారెపా’, అంటే ముందే ఉడికించి ఆరబెట్టి ఆడిన మొక్కజొన్న పిండి. మెక్సికో వాళ్ల ‘మాసా హరీనా’లో సున్నపు వాసన వస్తుంది. మన దుకాణాల్లో దొరికే మొక్కజొన్న పిండి పచ్చిది, ముద్ద కట్టదు. ఒక కప్పు మసారెపాకు కప్పుంపావు గోరువెచ్చని నీళ్లు, అర చెంచా ఉప్పు. కలిపి పది నిమిషాలు వదిలేయాలి. ఆ ఓపిక లేకపోతే అంచులు పగుళ్లిస్తాయి. అప్పుడు చెయ్యి తడుపుకుని అద్దాలి. సెంటీమీటరు మందాన తట్టి, మధ్యస్థంగా కాలిన పెనం మీద ఒక్కో వైపు ఐదారు నిమిషాలు కాల్చాలి.

కొలంబియా రాజధాని బొగోతా వాళ్ల కోడి సూప్ అహియాకోకు మూడు రకాల బంగాళాదుంపలు కావాలి. వాటిలో చిన్న పసుప్పచ్చ ‘క్రియోయా’ కరిగిపోయి చిక్కదనాన్నిస్తుంది. ఫ్రోజెన్ పెట్టెల్లో దొరుకుతుంది, లేదంటే యూకాన్ గోల్డ్‌తో సరిపెట్టుకోవచ్చు. ‘గ్వాస్కాస్’ ఆకుకు మాత్రం బదులు లేదు. ఎండుది పొట్లాల్లో అమ్ముతారు, దింపే పది నిమిషాల ముందు వేయాలి. గ్వాస్కాస్ లేని అహియాకోకు హోటల్లో డబ్బు కట్టడం దండగ.

శాకాహారులకో మాట. ‘సిన్ కార్నే’ (మాంసం లేకుండా) అని చెబితే మాంసం ముక్కలే తీసేస్తారు, బీన్స్‌లో పంది కొవ్వు, సూప్‌లో కోడి రసం ఉండిపోవచ్చు. “యేవా సెర్దో? యేవా పోయో?” (పంది ఉందా? కోడి ఉందా?) అని విడివిడిగా అడగండి. చీజ్ అరెపాతోపాటు అగువాపనేలా తెప్పించుకోండి: బెల్లం నీళ్లలో నిమ్మరసం, అంటే మిరియాలు, యాలకులు మరిచిపోయిన పానకం.