వాడికి మూడు, నాకొకటి

నిజాంపేటలో మా యుటిలిటీ బాల్కనీకీ పక్క ఫ్లాట్ వాళ్ళ బాల్కనీకీ మధ్య ఒక్క పల్చటి గోడే అడ్డం. వినాలని నిలబడం. వినపడుతుంది, అంతే. రాత్రి పదకొండు దాటింది.

సుజాత: ఆ హెడ్‌ఫోన్స్ ఒకసారి తీస్తారా? తొమ్మిదింటికే అత్తయ్యగారికి ఫోన్ చేసేశాను.

రమణ: అమ్మకా? ఎందుకు?

సుజాత: ఎందుకా? "వాడికి మొదట్లోనే మూడిచ్చారు, నాకు మాత్రం ఒకటే" అని మీ ఫ్రెండు దగ్గర గోలపెట్టలేదూ? తెనాలిలో మీ తమ్ముడికి మూడు ప్లాట్లు రాసిస్తే, ఆ సంగతి నేను గిన్నెలు తోముకుంటూ వినాలా?

రమణ: ప్లాట్లేంటి నీ మొహం! గేమ్ అది. సివిలైజేషన్ సిక్స్. ఎనిమిది లెవెల్స్ ఉంటాయి, ఆఖరిది, అన్నిటికంటే కష్టమైంది డీటీ. అందులో కంప్యూటర్‌కి మూడు సెట్లర్లు, నాకొకటి. సెట్లర్లంటే ఊళ్ళు కట్టేవాళ్ళు. వాడు మూడు ఊళ్ళతో మొదలెడతాడు.

సుజాత: ప్లాట్లనుకున్నాను, ఊళ్ళే రాసిచ్చారా!

రమణ: తమ్ముడికి కాదే, కంప్యూటర్‌కి!

సుజాత: మరి "వాడికి బుర్ర లేదు" అన్నారుగా. కంప్యూటర్‌కి బుర్ర లేదంటే ఎవరు నమ్ముతారు? మీ తమ్ముడికంటే నమ్ముతాను.

రమణ: నిజంగానే లేదు. లెవెల్ పెంచితే వాడి తెలివేం పెరగదు. చేసినవాళ్ళు వాడికి ఆలోచించడం నేర్పలేక, ఆస్తి ఎక్కువిచ్చి పంపారు.

సుజాత: అచ్చం మామయ్యగారే.

(ఇక్కడ మా ఆవిడ టీవీ సౌండ్ తగ్గించింది.)

రమణ: చెప్పేది విను. సైన్యమంతా వేసుకుని నా ఊరి మీదకొస్తాడు. గోడ పగలగొట్టే సామాను మాత్రం ఇంటి దగ్గరే మర్చిపోతాడు. గోడ చుట్టూ అలా నిలబడి ఉంటాడు, లోపల్నించి నేను బాణాలేస్తుంటే ఒక్కొక్కడే పోతుంటాడు.

సుజాత: పోయిన సంక్రాంతికి మీ తమ్ముడు అంతే. బెల్లు కొట్టకుండా గేటు దగ్గర నిలబడి గంటసేపు మీకు ఫోన్ చేశాడు. మీరేమో సైలెంట్‌లో పెట్టి ఇదే ఆడుతున్నారు.

రమణ: మళ్ళీ వాడేనా!

సుజాత: అయినా 1997లోనే చదరంగంలో కాస్పరోవ్ అంతటివాణ్ణి కంప్యూటర్ ఓడించింది. మీ చేతిలో ఓడిపోయే కంప్యూటర్ ఎక్కడ దొరికిందండీ, ఎక్స్ఛేంజ్ ఆఫర్లోనా?

రమణ: చదరంగం 64 గళ్ళు, ఎత్తుకి ఒక్క పావు. ఇక్కడ వేల గళ్ళు, ఒక్క టర్న్‌లో సైన్యమంతా కదపాలి. ఈ గేమ్ నాలుగో భాగం వచ్చేదాకా సైన్యాన్ని ఒకే గడిలో కుప్పపోసుకుని వచ్చేవాడు, అది వాడికి బానే వచ్చు. 2010లో ఐదో భాగం వచ్చింది, గడికి ఒక్క యూనిట్టే అన్నారు. అక్కణ్ణించి వీడి బతుకు బస్టాండైంది. విలుకాళ్ళు ముందు, కత్తులవాళ్ళు వెనక, ఎవడూ ఎవడికీ దారివ్వడు...

సుజాత: కూకట్‌పల్లి వై జంక్షన్. అర్థమైంది.

రమణ: గెలిచినా గెలిచినట్టుండదు సుజా. మొదట్లో కాసేపు చెమటలు పట్టిస్తాడు. ఆ తర్వాత నేను ఊరికే నెక్స్ట్ టర్న్ నొక్కుకుంటూ కూర్చోవాలి. ఎదుటివాడు కాస్త ఎదురు తిరిగితేనేగా మజా!

సుజాత: అందుకేనా నన్ను చేసుకుంది?

రమణ: నువ్వు డీటీ మీద లెవెల్‌వి.

సుజాత: మావాళ్ళేం మూడిచ్చి పంపలేదు. ఒక్క మిక్సీతో వచ్చి నెగ్గాను.

రమణ: సరేగానీ... అమ్మతో ఏమన్నావు?

సుజాత: "మీ పెద్దబ్బాయి కుమిలిపోతున్నాడు, ఆ మూడింట్లో ఒకటి ఇటు ఇప్పించండి" అన్నాను.

రమణ: దేవుడా! అమ్మేమంది?

సుజాత: "మనకున్నవే రెండు కదమ్మా" అన్నారు. కాసేపాగి, "మూడోది ఎవరి పేరున కొన్నారండీ" అని మామయ్యగారిని నిద్రలేపారు.

రమణ: నాన్న?

సుజాత: అలిగి, కాగితాలన్నీ సంచిలో కుక్కుకుని దొరికిన బస్సెక్కారట. పొద్దున మియాపూర్లో దిగుతారు.

రమణ: ఫోన్ చెయ్! విజయవాడలో దిగిపొమ్మందాం!

సుజాత: ఆయన ఫోన్ అత్తయ్యగారి దగ్గరుంది. సాక్ష్యానికని లాక్కున్నారట. ఇదిగో, ఆవకాయన్నం కలిపాను, నెయ్యి ఎక్కువేశాను. కీబోర్డు మీద పొయ్యకుండా తినండి. తినేసి, తెల్లారేలోపు ఆ బుర్రలేనివాడి మూడు ఊళ్ళూ లాగేసుకోండి. మామయ్యగారి ముందు ఒక్కదానితో కూర్చుంటే నాకు నామోషీ.